బానెట్ పై రేకు లోపలి ఫ్రేమ్‌ను వదిలేసింది, స్పీడులో ఊగుతోంది – రిపేరు ఎలా?

బెజవాడ_సెడాన్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది 2007 మోడల్ డీజిల్ సెడాన్, నాన్నగారు కొన్న బండి. ఇంజిన్ ఇప్పటికీ చక్కగా ఉంది కాబట్టి అమ్మే ఆలోచన లేదు. హైదరాబాద్ హైవే మీద 80 దాటగానే బానెట్ మధ్యభాగం పైకీ కిందికీ కొట్టుకుంటోంది. లారీని దాటేటప్పుడు ఇంకా ఎక్కువ. సీట్లోంచి చూస్తే బానెట్ మీద పడిన ఆకాశం నీడ వణుకుతూ కనిపిస్తుంది.

లోపలివైపు ఇన్సులేషన్ షీట్ క్లిప్పులు ఊడదీసి టార్చ్ వేసి చూశాను. పై రేకుకీ కింది ఫ్రేమ్‌కీ మధ్య నల్లటి జిగురు ముద్దలు వరసగా ఉన్నాయి. అన్నీ ఫ్రేమ్‌కి అంటుకునే ఉన్నాయి, రేకును మాత్రం వదిలేశాయి. గోరుతో గీకితే పొడిగా రాలుతోంది. ముద్దకీ రేకుకీ మధ్య ఏటీఎం కార్డు సులువుగా దూరుతోంది. చుట్టూ అంచుల మడత మాత్రం గట్టిగానే ఉన్నట్టుంది.

ఒక షాపులో బానెట్ మార్చాల్సిందే అన్నారు. ఇంకో చోట నాలుగు వెల్డింగ్ చుక్కలు పెడితే చాలన్నారు. పెయింట్ కంపెనీలో వేసిందే, ఎక్కడా చెదరలేదు. దాన్ని పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లల్ని ఎక్కించుకుని అదే రోడ్డు మీద వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. దారిలో బానెట్ లేచిపోయే ప్రమాదం ఉందా? ఇంట్లో చేసుకోదగ్గ పనేనా?

కరీంనగర్_కారు

అన్నా, జిగురు సంగతి తర్వాత. ముందు రబ్బరు బుడిపెలు చూడు. బానెట్ మూసినప్పుడు రెండు మూలలా కింద ఆనే స్టాపర్లు ఉంటాయి కదా, వాటిని చేత్తో తిప్పితే ఎత్తు మారుతుంది. అవి అరిగిపోయినా, కిందికి దిగిపోయినా బానెట్ మొత్తం ఊగుతుంది. మూసిన బానెట్ మూలల మీద అరచేత్తో నొక్కు. కిందికి దిగుతుంటే ముందు వాటిని కొంచెం పైకి తిప్పి చూడు. మా బండికి దీంతోనే సగం ఊగుడు తగ్గింది.

బెజవాడ_సెడాన్

చూశానండీ. మూలలు కదలడం లేదు, బుడిపెలు గట్టిగా ఆనుతున్నాయి. మధ్యలో నొక్కితే మాత్రం రేకు లోపలికి వెళ్లి టక్‌మని కింద ఏదో తగిలి వెనక్కి వస్తోంది.

రేకుపని_మేస్త్రి (హైదరాబాద్)

సార్, ఆ టక్‌మనే శబ్దం రేకు వెళ్లి ఎండిపోయిన ముద్దకు తగలడమే. మీరు సరిగ్గానే పట్టుకున్నారు. టింకరింగ్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బానెట్ అంటే ఒక రేకు కాదు. పైకి కనిపించే రేకు ముప్పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దాని కింద వంపులూ గాళ్లూ కొట్టిన ఇంకో రేకు ఉంటుంది, అదే ఫ్రేమ్. కీళ్లు, లాక్ కొక్కెం బిగించేది ఆ ఫ్రేమ్‌కే. చుట్టూ అంచున పై రేకును ఫ్రేమ్ మీదకు మడిచి నొక్కుతారు, ఆ మడతలో గట్టి జిగురు ఉంటుంది. మధ్యలో మాత్రం రెండు రేకులూ తగలవు. కొన్ని మిల్లీమీటర్ల సందు వదిలి, అక్కడక్కడ మెత్తటి జిగురు ముద్దలు పెడతారు. ఫ్యాక్టరీలో పెయింట్ ఓవెన్ వేడికి ఆ ముద్దలు కాస్త పొంగి పై రేకును అందుకుంటాయి. బరువు మోయడం వాటి పని కాదు. రేకు ఊగకుండా మెత్తగా పట్టుకుని ఉండటమే వాటి పని. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏది వాడాలో, ఏది వాడకూడదో మీకే తెలిసిపోతుంది.

ఇక లేచిపోతుందా అన్న మాట. బండి వేగం మీద ఉన్నప్పుడు బానెట్ ముందు అంచు దాటిన గాలి రేకును పైకి లాగుతుంది. ముద్దలు వదిలేస్తే రేకు లేచి పడుతూ ఉంటుంది, మీరు చూసిన వణుకు అదే. మడత, కీళ్లు, లాక్ బాగుంటే బానెట్ ఊడిరాదు. అయినా మీరే ఒకసారి తేల్చుకోండి. లాక్ కొక్కెం బిగించిన చోటా, రెండు కీళ్ల దగ్గరా ఫ్రేమ్ రేకు మీద సన్నటి చీలికలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. బండి లోపలి లివర్ లాగి, సేఫ్టీ కొక్కెం (లాక్ వదిలినా బానెట్‌ను పట్టి ఉంచే రెండో కొక్కెం) వదలకుండా బానెట్‌ను పైకి ఎత్తబోండి. కొక్కెం గట్టిగా ఆపాలి. చీలిక ఉన్నా, కొక్కెం జారినా ఆ బండిని హైవే ఎక్కించకండి, ముందు అది బాగు చేయించాలి.

అలాగని జిగురు పని వాయిదా వేయడం కూడా మంచిది కాదు. రేకు వంగి వంగి మడత దగ్గర పెయింట్ చిట్లుతుంది. అందులో నీళ్లు దిగితే లోపలినుంచి తుప్పు తింటుంది. అప్పుడు నిజంగానే బానెట్ మార్చాలి.

హైవే_65 (సూర్యాపేట)

మేస్త్రి గారూ, ఇంత ఆలోచన ఎందుకండీ? రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్యానెల్ జిగురు దొరుకుతోంది. డోర్ రేకులే దాంతో అతికిస్తున్నారు. ఒక్కసారి పెడితే జన్మలో ఊడదు. లేదా ఎం-సీల్ ముద్దలు పెట్టినా రాయిలా గట్టిపడుతుంది కదా.

రేకుపని_మేస్త్రి

తమ్ముడూ, రాయిలా గట్టిపడటమే ఇక్కడ చిక్కు. మే నెల ఎండలో నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టగలవా? ఆ వేడికి రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గట్టి జిగురు పెట్టిన చోట రేకు కదలలేదు, చుట్టుపక్కల మాత్రం కదులుతుంది. కొన్నాళ్లకు ముద్ద పెట్టిన ప్రతి చోటా పైన చిన్న గుంట తేలుతుంది. ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టి పక్కనుంచి చూస్తే ఒక్కోటి లెక్కపెట్టవచ్చు. పుట్టీ పెట్టి పెయింట్ వేసినా మళ్లీ తేలుతుంది, ఎందుకంటే లాగేది కిందనుంచి.

ఎపాక్సీ చెడ్డదని కాదు. అంచు మడత విచ్చుకుంటే దానికి అదే సరైన మందు. మడతలోపల శుభ్రం చేసి, జిగురు ఎక్కించి, క్లాంపులు బిగించి ఆరనివ్వాలి. ఆ తర్వాత మడత గీత మీద, నీళ్లు దిగకుండా ఆపే సీమ్ సీలర్ పూయాలి. మధ్యలో ముద్దలకు మాత్రం ఆరాక కూడా మెత్తగా ఉండే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ కావాలి. ముందు అద్దం అతికించే నల్ల గమ్ ఆ రకమే.

వెల్డింగ్ అసలే వద్దు. ముప్పావు మిల్లీమీటరు రేకు మీద కిందనుంచి చుక్క పెడితే పైన పెయింట్ కాలుతుంది, రేకు చుట్టూ ముడత పడుతుంది. రెండు రేకుల మధ్య సందు ఉంది కాబట్టి అతకాలంటే నొక్కాలి. నొక్కితే బానెట్ ఆకారమే పోతుంది.

గోదారి_గట్టు (రాజమహేంద్రవరం)

మాకు తెలిసిన ఒకాయన తలుపు చట్రాల సందుల్లో కొట్టే స్ప్రే ఫోమ్ నింపేశాడు. పని పది నిమిషాల్లో అయిపోయింది, ఊగుడు ఆగింది. అదెలా ఉంటుంది?

ఆటోనగర్_కుర్రాడు (విజయవాడ)

అది చేయకండి దయచేసి. ఆ ఫోమ్ పొంగేటప్పుడు చాలా బలంగా నెడుతుంది. పై రేకు ఉబ్బితే మళ్లీ సాపు చేయడం మా వల్ల కూడా కాదు. పైగా అది నీళ్లు పట్టి ఉంచుతుంది, వానాకాలం తర్వాత చూస్తే లోపల తుప్పు. ఇంజిన్ వేడి తగిలే చోట మండే సరుకు పెట్టడం అస్సలు మంచిది కాదు.

సిలికాన్ కూడా వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఏ రకమైనా సరే, సిలికాన్ అంటిన రేకు మీద తర్వాత పెయింట్ నిలవదు, చేప కళ్లలాంటి మచ్చలు వచ్చేస్తాయి. మా పెయింటర్లు సిలికాన్ ట్యూబును షెడ్డులోకే రానివ్వరు.

హైవే_65

సరే, జిగురు మెత్తగా ఉండాలంటున్నారు. మరి కింద ఫ్రేమ్‌కే అడ్డంగా ఇంకో ఇనుప పట్టీ బిగిస్తే? ఫ్రేమ్ గట్టిపడితే రేకు కూడా నిలుస్తుంది కదా.

రేకుపని_మేస్త్రి

ఫ్రేమ్ ఎక్కడా బలహీనపడలేదు తమ్ముడూ, రేకు దాన్ని వదిలేసింది, అంతే. ఇంకో సంగతి, ఇది అందరూ గమనించాలి. ఫ్రేమ్ పక్క పట్టీల మీద ఒకచోట కావాలనే నొక్కులు కొట్టి ఉంటాయి. ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే బానెట్ అక్కడ మధ్యకు మడతపడి పైకి లేస్తుంది. అది లేకపోతే రేకు నేరుగా వెనక్కి వచ్చి అద్దంలోంచి లోపలికి దూసుకొస్తుంది. ఆ నొక్కుల మీదుగా పట్టీ వెల్డింగ్ చేస్తే ముందు సీట్లో కూర్చున్నవాళ్ల ప్రాణానికే ముప్పు. ఆ పని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

మోడరేటర్

షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. పని గురించే మాట్లాడుకుందాం. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

విశాఖ_తీరం

సముద్రం పక్కన ఉండేవాళ్ల తరఫున ఒక మాట. పాత ముద్ద గీకినప్పుడు దాని కింద ఎర్రగా కనిపిస్తే అలాగే జిగురు పెట్టేయకండి. తుప్పు మీద అంటించిన జిగురు తుప్పుతోపాటే ఊడివస్తుంది. వాటర్ పేపర్‌తో (రేకును రుద్దే గరుకు కాగితం) మెరిసే రేకు వచ్చేదాకా రుద్ది, తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమర్ పూసి, అది పూర్తిగా ఆరాకే జిగురు. ఇంకోటి, ముందు అంచు దగ్గర ఫ్రేమ్‌లో నీళ్లు కారిపోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. చాలామంది జిగురు ధారాళంగా పట్టించి అవి మూసేస్తారు. మా దగ్గర పాడైన బానెట్లలో తుప్పు మొదలయ్యేది ఎక్కువగా ఆ ముందు అంచులోనే.

బెజవాడ_సెడాన్

చాలా థాంక్స్ అండీ అందరికీ. కొక్కెం, కీళ్లు చూశాను, చీలికలు లేవు, సేఫ్టీ కొక్కెం గట్టిగా ఆపుతోంది. పీయూ సీలెంట్ కొంటాను. బానెట్ విప్పి తలకిందులుగా బల్ల మీద పెట్టుకుని చేస్తే సులువుగా ఉంటుందా? పాత ముద్దలు మొత్తం తీసేయాలా?

రేకుపని_మేస్త్రి

విప్పకపోవడమే మంచిది సార్. బానెట్ పైకి కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. తలకిందులుగా బల్ల మీద పెడితే బరువంతా ఆ మధ్య రేకు మీద పడి, అది ఫ్రేమ్ వైపు నొక్కుకుంటుంది. ఆ స్థితిలో జిగురు ఆరితే బానెట్ బిగించాక మధ్యలో పల్లం కనిపిస్తుంది. తప్పనిసరిగా విప్పాల్సి వస్తే అంచుల కింద మాత్రమే మెత్తటి ఆధారాలు పెట్టి, మధ్యభాగం గాలిలో ఉండేలా చూడాలి. కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే మళ్లీ అదే చోట బిగించవచ్చు.

మీరు బండి మీదే చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, స్టాండుతోపాటు ఒక గట్టి కర్ర కూడా ఆధారంగా పెట్టండి. ఇంజిన్ మీద పాత దుప్పటి కప్పండి. రాలే పొడి బెల్టుల్లో పడకూడదు.

ఫ్రేమ్‌కి గట్టిగా పట్టుకుని ఉన్న పాత ముద్దను పూర్తిగా తవ్వక్కర్లేదు. పైన పొడిబారిన పొర పోయి, రబ్బరులా సాగే భాగం కనిపిస్తే చాలు. మొత్తం పొడిపొడిగా ఉంటే తీసేయాల్సిందే. హాక్సా బ్లేడు ముక్కకు సగందాకా టేపు చుట్టి సందులోకి దూర్చి, ఫ్రేమ్ వైపు ఒత్తుతూ కోయండి. రేకు వైపు మొన తగలనివ్వకండి, కిందనుంచి గట్టిగా గుచ్చితే పైన మొటిమలా లేస్తుంది. తర్వాత రేకు అడుగుభాగాన్ని సన్నటి వాటర్ పేపర్‌తో తేలిగ్గా గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తెల్ల గుడ్డ వాడండి. గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా తుడుస్తూ ఉండాలి. థిన్నర్ వద్దు, అది పెయింట్ అంచుల మీద కారితే మచ్చ పడుతుంది. జిగురు ఊడిపోయే రిపేర్లలో ఎక్కువ భాగం ఈ తుడిచే దగ్గర తొందరపడినవే.

జిగురు పాత ముద్దలు ఉన్న చోట్లే పెట్టండి, ధారలా కాకుండా విడివిడి ముద్దలుగా. జిగురు ట్యూబును నొక్కే గన్ ముక్కు అందని చోట సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడగండి. ముద్ద రేకును తాకి, కొద్దిగా పరుచుకుంటే చాలు. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, గాలి ఆడే చోట చేయండి. చర్మానికి అంటితే వదలదు, పైగా ఒంటికి మంచిది కాదు.

పెట్టడం అయ్యాక బానెట్‌ను చేత్తో నెమ్మదిగా దించండి. పైనుంచి వదలకండి. లాక్ పడటానికి ముందు అంచు దగ్గర మాత్రమే నొక్కండి. మూసి ఉన్నప్పుడే రేకు తన సహజమైన ఆకారంలో ఉంటుంది, జిగురు ఆ ఆకారంలోనే ఆరాలి. బరువులు పెట్టకండి.

డాలస్_తెలుగు

ఇక్కడ చలికాలంలో ఇదే పని చేసినవాడిగా ఒక చిన్న విషయం. ఇంకేదీ కలపకుండా నేరుగా వాడే ఈ పీయూ సీలెంట్లు గాలిలో తేమతోనే ఆరుతాయి. డబ్బా మీద సాధారణంగా 24 గంటలకు 3 మిల్లీమీటర్ల లోతు అని రాసి ఉంటుంది. అందుకే పెద్ద ముద్ద పెడితే పైన పొర కట్టినా లోపల పచ్చిగానే ఉంటుంది. చలిగా, పొడిగా ఉన్న ఊళ్లలో ఇంకా ఆలస్యం. విజయవాడ ఉక్కకి త్వరగానే ఆరుతుంది కానీ, ఒక వారం పాటు హైవే ఎక్కకపోవడం మంచిది. ట్యూబు మీద తయారీ తేదీ కూడా చూసుకోండి, గడువు దాటినది గన్‌లోంచి సరిగా రాదు. మా వైపు చలికి జిగురు బిగుసుకుపోతే ట్యూబును గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచుతాం. మీకు ఆ అవసరం రాదు.

అలాగే కొన్ని బండ్లకు బానెట్ అల్యూమినియంది ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే స్టీలు రేకు మీద రుద్దిన పేపరు, బ్రష్షు దాని మీద వాడకూడదు. ఇనుప రజను అందులో దిగి పొక్కులు వస్తాయి.

కరీంనగర్_కారు

అసలు ఆ ముద్దలు ఎందుకు ఎండిపోతాయి? నా బండి కూడా అదే వయసు, దానికి బాగానే ఉన్నాయి.

ఆటోనగర్_కుర్రాడు

ఇంజిన్ వేడి ఒక కారణం. ఇన్సులేషన్ షీట్ చిరిగిపోతే దాన్ని తీసి పారేసి కొత్తది వేయనివాళ్లు చాలామంది, అలాంటి బండ్లకు ముందుగా వస్తుంది. రెండోది వాటర్ సర్వీసింగ్. ఇంజిన్ మురికి వదలడానికి డీజిల్ గానీ కిరోసిన్ గానీ స్ప్రే చేస్తారు కదా, అది కింది ఫ్రేమ్ రంధ్రాల్లోంచి ముద్దల మీద పడుతుంది. ఏటా కొట్టించిన బండ్లలో జిగురు ఉబ్బి, తర్వాత పొడిగా రాలడం మా దగ్గర చూస్తూనే ఉంటాం. మూడోది, బానెట్ మూసేటప్పుడు రెండు చేతులూ మధ్యలో పెట్టి ధబీమని నొక్కడం. ఫొటో కోసం బానెట్ మీద కూర్చోవడం కూడా. ముద్ద ఒక్కసారి చిట్లితే మళ్లీ అతుక్కోదు.

బెజవాడ_సెడాన్

పని పూర్తయింది, అందరికీ చెప్పాలని వచ్చాను. మేస్త్రి గారు చెప్పినట్టు బానెట్ విప్పకుండానే చేశాను. గీకడం, తుడవడానికే ఎక్కువసేపు పట్టింది, జిగురు పెట్టడం చిటికెలో అయిపోయింది. ముందు వరసలో రెండు చోట్ల తుప్పు కనిపించింది. విశాఖ మిత్రుడు చెప్పినట్టు రుద్ది ప్రైమర్ వేసి, అది ఆరాకే జిగురు పెట్టాను. నీళ్ల రంధ్రాల్లో మట్టి గట్టిపడి ఉంటే పుల్లతో తీశాను. ఇన్సులేషన్ షీట్ కొత్తది, క్లిప్పులు కూడా కొత్తవి వేశాను.

వారం ఆగి హైవే ఎక్కాను. చట్టం అనుమతించిన వేగంలో, లారీల పక్కన కూడా రేకు కదల్లేదు. వేలి గెణుపుతో కొడితే ముందు బోలుగా మోగేది, ఇప్పుడు శబ్దం పొట్టిగా, మూసుకున్నట్టు వస్తోంది. సాయంత్రం ఎండలో పక్కనుంచి చూశాను, గుంటలేమీ తేలలేదు. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని బానెట్ వైపు చూడటం మానేసింది, అదే నాకు పెద్ద ఊరట. పేరుపేరునా కృతజ్ఞతలు.

రేకుపని_మేస్త్రి

చాలా సంతోషం సార్. వచ్చే వేసవి అయ్యాక ఒకసారి షీట్ దించి ముద్దలు చూడండి. ఏదైనా ఒకటి వదిలితే అది ఒక్కటే మళ్లీ పెట్టుకోవచ్చు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఇంజిన్ మీద డీజిల్ కొట్టవద్దని ముందే గట్టిగా చెప్పండి.

గోదారి_గట్టు

మేస్త్రి గారూ, మా వ్యాన్‌కు ఇలాంటి శబ్దమే పైకప్పు నుంచి వస్తోంది. వానలో అయితే లోపల మాట వినిపించదు. అది కూడా ఇదే జబ్బా?

రేకుపని_మేస్త్రి

అదే జబ్బు గోదారి గారూ. పైకప్పు రేకు కింద అడ్డంగా పట్టీలు ఉంటాయి, రేకుకూ వాటికీ మధ్య ఇవే ముద్దలు. మందూ ఇదే, పద్ధతీ ఇదే. తేడా అల్లా లోపలి సీలింగ్ దించాలి, అది వంగితే మడత గీత పోదు కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. పక్క కిటికీల పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి అయితే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. పని తెలిసినవాళ్ల చేత, బ్యాటరీ వైరు ఊడదీశాకే సీలింగ్ దింపించండి. మీ వ్యాన్ ఏ మోడలో, ఏ సంవత్సరానిదో రాయండి, పట్టీలు ఎక్కడెక్కడ వస్తాయో చెబుతాను.